రాయి పాతే ముందు ఫిక్స్ వచ్చిందా, బేస్ ఎక్కడుంది?

(విజయనగరంలో గ్రామ సర్వేయర్లు, పాలిటెక్నిక్ విద్యార్థుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం.

మీలో చాలామంది రోజూ రోవర్, అంటే చేత్తో మోసుకెళ్ళే ఉపగ్రహ రిసీవర్, పట్టుకుని పొలాల్లో తిరిగేవాళ్ళే. దాని బటన్ల గురించి నేను మీకు కొత్తగా చెప్పేదేమీ లేదు. గాల్లోంచి వచ్చి ఆ రోవర్‌కి చేరే సవరణల గురించి మాట్లాడతాను. మీటర్లలో ఉండే తప్పుని సెంటీమీటర్లకి దించేది అవే.

మీటరు తేడా అంటే ఎంతో ముందు చూద్దాం. అరవై మీటర్ల గట్టు ఉందనుకోండి. హద్దు మూడు మీటర్లు పక్కకి జరిగితే 180 చదరపు మీటర్లు పోయినట్టే. సెంటు అంటే 40.47 చదరపు మీటర్లు కాబట్టి దాదాపు నాలుగున్నర సెంట్లు. అందులో ఒక కుటుంబం ఇల్లు కట్టుకోవచ్చు. ఫోనులో మ్యాప్ తెరిచి "మా హద్దు ఇదిగో, ఇక్కడిదాకా" అని వాదించే రైతు మీకు ఎదురవుతూనే ఉంటాడు. ఆయన్ని కసురుకోకండి. ఆ నీలం చుక్కకి ఉన్న శక్తి అంతేనని ఓపిగ్గా ఈ లెక్క చెప్పండి.

జీపీఎస్ ఉపగ్రహాలు మనకి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తులో తిరుగుతాయి. రిసీవర్ నిజానికి కొలిచేది సమయాన్ని. ఒక్క నానో సెకను తేడా వస్తే 30 సెంటీమీటర్ల తప్పు. ఉపగ్రహం గడియారంలో కొంత, కక్ష్య లెక్కలో కొంత తప్పు ఉంటుంది. అన్నిటికంటే మనల్ని ఎక్కువ ఇబ్బంది పెట్టేది ఐనో ఆవరణం, అంటే చాలా ఎత్తున విద్యుదావేశంతో ఉండే గాలి పొర. అక్కడి ఎలక్ట్రాన్ల వల్ల సిగ్నల్ ఆలస్యంగా చేరుతుంది. మనం అయస్కాంత భూమధ్యరేఖకి దగ్గరవాళ్ళం కాబట్టి ఆ పొర మన మీద దట్టంగా ఉంటుంది, గంట గంటకీ మారుతుంది. మధ్యాహ్నం రెండు గంటల ప్రాంతంలో ఆలస్యం బాగా పెరుగుతుంది. ఇక పొద్దుగూకాక, ముఖ్యంగా మార్చి, సెప్టెంబరు నెలల చుట్టూ, సూర్యుడు చురుగ్గా ఉన్న ఏళ్ళలో, ఆ పొరలో ఎలక్ట్రాన్లు పలచబడ్డ ప్లాస్మా బుడగలు లేస్తాయి. అప్పుడు సిగ్నల్ మినుకు మినుకుమంటుంది, రోవర్ ఉన్నట్టుండి ఫిక్స్, అంటే సెంటీమీటర్లకి కుదిరిన స్థానం, వదిలేస్తుంది. పరికరం పాడైందని టెన్షన్ పడకండి. పక్కనే విశాఖలో, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో, ఈ పొర మీద దశాబ్దాలుగా పరిశోధన జరిగింది. ఆ పని మన ఉత్తరాంధ్రలో జరిగిందని చెప్పుకోవడం నాకు గర్వంగా ఉంటుంది.

మరి ఈ తప్పుని ఎలా తీసేస్తాం? ధాన్యం కాటా మీద 50 కిలోల రాయి పెడితే 52 చూపించిందనుకోండి. ఆ రెండు కిలోలు తీసేసి మిగతా బస్తాలు తూస్తాం కదా. ఇదీ అంతే. స్థానం ముందే కచ్చితంగా తెలిసిన చోట ఒక రిసీవర్‌ని కదలకుండా నిలబెడతాం. అదే బేస్. ఆకాశం చెప్పే లెక్కకి, తనకి తెలిసిన నిజానికి మధ్య తేడా ఎంతో అది పట్టుకుని రేడియోలో చాటుతుంది. దగ్గర్లో ఉన్న రోవర్ నెత్తిన ఉన్నదీ దాదాపు అదే ఆకాశం కాబట్టి తప్పు చాలావరకు కొట్టుకుపోతుంది. 2000 మే నెల దాకా అమెరికా పౌర సిగ్నల్‌ని కావాలనే చెడగొట్టేది, తప్పు వంద మీటర్ల దాకా వచ్చేది. ఆ కాలంలో ఓడల కోసం తీరం వెంబడి రేడియో బీకన్లు పెట్టి ఈ సవరణలు ప్రసారం చేసింది కూడా అమెరికా కోస్ట్‌గార్డే.

మన దేశానికి ఇస్రో, ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ కలిసి కట్టిన గగన్ ఉంది. దేశమంతా ఉన్న రిఫరెన్స్ స్టేషన్ల కొలతలని కలిపి, సవరణల్ని జీశాట్ ఉపగ్రహాల మీదుగా ఉచితంగా ప్రసారం చేస్తుంది. విమానాల కోసం పుట్టిన వ్యవస్థ ఇది, తప్పు మూడు మీటర్ల లోపే. హద్దు రాయికి చాలదు, పడవకి మాత్రం మహా ఉపకారం. 2019లో వచ్చిన జెమిని పరికరం గగన్ ద్వారానే తుపాను హెచ్చరికల్ని, చేపలు దొరికే చోట్లని నడిసముద్రంలోని మత్స్యకారుడి ఫోనుకి చేరుస్తుంది. 2018 అక్టోబరులో తిత్లీ వచ్చినప్పుడు ఉద్దానంలో కరెంటు, ఫోన్లు ఏమైపోయాయో మీకు తెలుసు. ఆకాశం నుంచి దిగే ప్రసారానికి ఊళ్ళో టవర్‌తో పని లేదు. కళింగపట్నం, భావనపాడు వైపు వేటకెళ్ళే ప్రతి పడవలోనూ ఇలాంటి పరికరం ఉండాలని నేను గట్టిగా కోరుకుంటాను.

ఇప్పుడు మన పనిలోకి వద్దాం. ఆర్‌టీకే అంటే బేస్ సవరణలతో అక్కడికక్కడే సెంటీమీటర్లలో కొలిచే పద్ధతి. అందులో రిసీవర్ సిగ్నల్ మోసుకొచ్చే అలనే కొలుస్తుంది. జీపీఎస్ ఎల్1 అల పొడవు 19 సెంటీమీటర్లు. అలలో మనం ఏ భాగం దగ్గరున్నామో మిల్లీమీటర్లలో తెలుస్తుంది. మధ్యలో మొత్తం ఎన్ని అలలున్నాయో మాత్రం తెలియదు. ఆ సంఖ్య తేలేదాకా స్క్రీన్ మీద ఫ్లోట్, తేలాక ఫిక్స్. అప్పుడు తప్పు ఒకటి రెండు సెంటీమీటర్లు. సవరణ బేస్ రేడియో నుంచి రావచ్చు, ఎప్పుడూ పనిచేస్తూ ఉండే శాశ్వత బేస్‌లైన కార్స్ స్టేషన్ల నెట్‌వర్క్ నుంచి ఎన్‌ట్రిప్ పద్ధతిలో ఇంటర్‌నెట్ మీదా రావచ్చు. సాలూరు కొండల్లో సిమ్‌కి సిగ్నల్ ఉండదు, అక్కడ సొంత బేసే దిక్కు.

సొంత బేస్ అన్నాను కాబట్టి ఒక్క మాట చాలా గట్టిగా చెప్పాలి. ట్రైపాడ్ నిలబెట్టి, తెలిసిన పాయింటు కోఆర్డినేట్లు ఎక్కించకుండా, "ఇప్పుడున్న స్థానమే తీసుకో" అని నొక్కేస్తారు. అప్పుడు బేస్ తన స్థానాన్నే రెండు మూడు మీటర్ల తప్పుతో మొదలుపెడుతుంది. రోవర్‌లో ఫిక్స్ అనే వస్తుంది, తప్పు ఒక సెంటీమీటరు అనే చూపిస్తుంది. ఊరు ఊరంతా మాత్రం ఒకే దిక్కుకి జరిగిపోతుంది. గట్ల మధ్య దూరాలు సరిగ్గానే ఉంటాయి కాబట్టి ఆ రోజు ఎవరికీ అనుమానం రాదు. పక్క ఊరి మ్యాప్‌ని పక్కన పెట్టినప్పుడు రెండు ఊళ్ళ పొలిమేర అతకదు. అందుకని పని మొదలుపెట్టే ముందు రోవర్‌ని ఇంకో తెలిసిన పాయింటు మీద, దొరికితే మూడు ఊళ్ళ పొలిమేరలు కలిసే ట్రై జంక్షన్ రాయి మీద, నిలబెట్టి సరిచూడండి. రెండు నిమిషాల పని.

కొబ్బరితోటలో ఇంకో చిక్కుంది. సిగ్నల్ మట్టల్లో చిక్కుకుని, డాబా గోడకి తగిలి తిరిగొస్తుంది. ఆ తప్పు రోవర్ ఉన్న చోటుది. బేస్‌కి తెలియదు, ఏ సవరణా దాన్ని తీయలేదు. అక్కడ వచ్చే ఫిక్స్ అబద్ధం కావచ్చు. రోవర్‌ని బయటికి తెచ్చి ఫిక్స్ మళ్ళీ తెచ్చుకోండి, కాసేపాగి అదే పాయింటు మళ్ళీ కొలవండి. రెండుసార్లూ కలవకపోతే ఖాళీ జాగాలో రెండు పాయింట్లు తీసుకుని, ఉపగ్రహాలతో పని లేకుండా కోణాలు, దూరాలు కొలిచే టోటల్ స్టేషన్‌తో లోపలికి వెళ్ళండి.

బేస్ దూరం కూడా చూసుకోండి. కిలోమీటరుకి ఇంచుమించు మిల్లీమీటరు చొప్పున తప్పు పెరుగుతుంది, మధ్యాహ్నం మన ఐనో ఆవరణం దాన్ని ఇంకా పెంచుతుంది. ఒకే బేస్‌తో పదిహేను కిలోమీటర్లు దాటొద్దనే నేను చెబుతాను. జీపీఎస్ లాంటిదే యూరప్ వాళ్ళ ఉపగ్రహ వ్యవస్థ గెలీలియో 2023 జనవరి నుంచి ఉపగ్రహం మీదుగానే 20 సెంటీమీటర్ల స్థాయి సవరణలు ఉచితంగా ఇస్తోంది. బేస్ అక్కర్లేదు కానీ, అది కుదురుకోడానికి కొన్ని నిమిషాలు పడుతుంది, దానికి తగ్గ రిసీవరూ కావాలి. మామిడితోట కొలతలకి, చెరువు విస్తీర్ణానికి సరిపోతుంది. అన్నదమ్ముల మధ్య గట్టుకి వద్దు.

రైతు పక్కనే నిలబడి ఉంటాడు. స్క్రీన్ ఆయన వైపు తిప్పి ఫిక్స్ అన్న అక్షరాలు చూపించండి. బేస్ పాయింటు పేరు, టైము, సరిచూసిన పాయింటులో వచ్చిన తేడా పుస్తకంలో రాసి ఆయనకి చదివి వినిపించండి. రేపు తగాదా వచ్చినా ఆ పేజీ తీసి చూడొచ్చు.

గ్రౌండులో బేస్ నిలబెట్టి ఉంచాం. పది మంది చొప్పున రండి. ముందు కోఆర్డినేట్లు ఎక్కించి కొలుద్దాం, తర్వాత ఎక్కించకుండా కొలుద్దాం. తేడా ఎంతొస్తుందో మీరే రాసుకోండి.