మే నెలలో తొందరపడి తవ్వకండి

అందరికీ నమస్కారం. ఏప్రిల్ వచ్చినా మన న్యూజెర్సీలో చలి వదల్లేదు. అయినా మందారాల గురించి వినడానికి ఇంతమంది వచ్చారు, చాలా సంతోషం.

మా అమ్మ మొదటిసారి ఇక్కడికి వచ్చినప్పుడు, "దేవుడికి పెడదామంటే ఒక్క మందారమైనా లేదేంట్రా" అంది. అదే వారం నర్సరీకి వెళ్ళి, ఆకులు నిగనిగలాడే ఎర్ర మందారం తెచ్చి పెరట్లో పాతాను. అక్టోబరు దాకా బాగానే పూసింది. నవంబరులో ఒక్క రాత్రి గడ్డకట్టే చలికి ఆకులన్నీ ఉడకబెట్టినట్టు నల్లబడి వేలాడాయి. అది మన ఊళ్ళో పూసే మందారమే. కుండీలో పెంచి చలికాలం ఇంట్లోకి తెచ్చుకోవాలని నాకు అప్పుడు తెలియదు.

చలికి తట్టుకునే మందారాలు వేరే ఉన్నాయి. వాటిలో నాకు ప్రాణమైనది హైబిస్కస్ మొస్క్యూటోస్. ఈ దేశపు తూర్పు వైపు చిత్తడి నేలల్లో పుట్టిన మొక్క. ఆకు మన మందారం ఆకులా మెరవదు. పువ్వు మాత్రం టిఫిన్ ప్లేటంత ఉంటుంది. కొన్ని రకాల్లో 10, 12 అంగుళాలు. పొద్దున విచ్చుకుని మర్నాటికి వాడిపోతుంది. కానీ జూలై నుంచి సెప్టెంబరు దాకా రోజూ కొత్తవి పూస్తూనే ఉంటాయి. కొనేటప్పుడు లేబుల్ మీద జోన్ నంబరు, అంటే మొక్క ఎంత చలి ప్రాంతంలో బతుకుతుందో చెప్పే అంకె, చూడండి. అంకె తగ్గేకొద్దీ చలి ఎక్కువ. మనవి ఎక్కువగా 6, 7 జోన్లు. లేబుల్ మీద 9 నుంచి 11 అని ఉంటే అది పెరట్లో చలికాలం దాటదు.

చలికాలంలో ఈ మొక్క పైభాగమంతా ఎండిపోతుంది. వేరు మాత్రం బతికే ఉంటుంది. నేల బాగా వెచ్చబడేదాకా అది లేవదు. రెండో ఏడు మే 20 దాటినా మా మొక్కలో చలనం లేదు. పక్కన మిగతావన్నీ పచ్చగా ఉన్నాయి. ఇక పోయిందనుకుని పార దించాను. గడ్డ పైకి లేచాక చూస్తే, ఎండు మోడు పక్కనే బియ్యపు గింజంత ఎర్రటి మొలకలు నాలుగు. రెండు పార దెబ్బకి తెగిపోయాయి. చేతులు వణికాయి. మళ్ళీ పాతాను, బతికింది, కానీ ఆ ఏడు పూయలేదు. అందుకే చెబుతున్నాను, జూన్ మధ్య దాకా ఆగండి. పాత కాడల్ని చలికాలమంతా అలాగే ఉంచితే మొక్క ఎక్కడుందో గుర్తుంటుంది. మార్చిలో జానెడు ఉంచి కత్తిరించండి.

ఎండ ఆరు గంటలైనా కావాలి. నీళ్ళు ఎంతైనా తాగుతుంది. పైకప్పు నీళ్ళు పైపులోంచి దిగి నిలిచే మూల ఉందా? అక్కడే పాతండి. మొక్కకీ మొక్కకీ మూడడుగులు వదలండి. అడుగు ఎత్తు పెరిగాక చివర్లు తుంచితే గుబురుగా వస్తుంది.

ఆకులు జల్లెడలా చిల్లులు పడితే కింది వైపు తిప్పి చూడండి. సన్నటి ఆకుపచ్చ పురుగులు కనిపిస్తాయి. ఇవి సాఫ్లై అనే ఈగలాంటి పురుగు పిల్లలు. చూడ్డానికి గొంగళి పురుగుల్లా ఉన్నా ఆ జాతి కావు, అందుకే గొంగళి పురుగులకి కొట్టే బీటీ అనే బాక్టీరియా మందు వీటి మీద పనిచేయదు. చేత్తో ఏరడం మేలు. జూలైలో ఆకులు, పూలు తినే జపనీస్ బీటిల్స్ అనే పెంకు పురుగులు వస్తే, పొద్దున్నే సబ్బు నీళ్ళ గిన్నెలోకి దులిపేయండి.

రెండో రకం రోజ్ ఆఫ్ షారన్. దక్షిణ కొరియా జాతీయ పుష్పం. శాస్త్రీయ నామం హైబిస్కస్ సిరియాకస్‌లో సిరియా పేరున్నా పుట్టింది తూర్పు ఆసియాలో. దీని కొమ్మలు ఎండిపోవు, కాబట్టి నేలదాకా కొట్టేయకండి. మార్చిలో కొంచెం కత్తిరిస్తే చాలు. నీళ్ళు నిలవకూడదు. గింజలు రాలి పెరడంతా మొలుస్తాయి, అది పెద్ద టెన్షన్. 'డయానా' అనే తెల్ల రకానికి గింజలు చాలా తక్కువ.

అమ్మవారికి ఎరుపే కావాలనుకునేవాళ్ళకి టెక్సాస్ స్టార్ అనే మందారం ఉంది. రేకలు ఐదూ విడివిడిగా నక్షత్రంలా ఉంటాయి. ఆకు చూస్తే గోంగూర గుర్తొస్తుంది. గోంగూరా ఈ కుటుంబమే కదా!

వెళ్ళేటప్పుడు తలుపు దగ్గర కవర్లలో గింజలు పెట్టాను, మొస్క్యూటోస్‌వి. పెంకు గట్టిగా ఉంటుంది. గరుకు కాగితం మీద ఒకసారి రుద్ది, రాత్రంతా నీళ్ళలో నానబెట్టి, కిటికీ దగ్గర చిన్న కుండీలో వేయండి. మంచు భయం పూర్తిగా పోయాకే బయట పాతండి.