బేరియం ఎవరిది, వివరణ ఎవరిది? లీజ్ మైట్నర్‌పై చర్చ

సంధానకర్త: నమస్కారం. ఒక పాఠ్యపుస్తకంలో కేంద్రక విచ్ఛిత్తి, అంటే పరమాణు కేంద్రకం రెండుగా చీలడం, దగ్గర రసాయన శాస్త్రవేత్త ఒట్టో హాన్ పేరొక్కటే వేశారని, ఆయనతో పనిచేసిన భౌతిక శాస్త్రవేత్త లీజ్ మైట్నర్‌ను వదిలేశారని గొడవ నడుస్తోంది. ముగ్గురికీ సమాన సమయం ఇస్తాను. ముందు ఒక్క ప్రశ్న: ఆవిడ అణుబాంబుకు తల్లా, కాదా?

భౌతికశాస్త్ర ఆచార్యురాలు: ప్రశ్నే తప్పండీ. బాంబు పనికి రమ్మంటే రానని తేల్చి చెప్పిన మనిషి ఆవిడ. 1907లో వియన్నా నుంచి బెర్లిన్ వస్తే, ఆడవాళ్లకు ప్రవేశం లేదని ఒకప్పటి వడ్రంగి గదిలో...

రసాయనశాస్త్ర ఆచార్యుడు: కన్నీటి కథలు తరువాత. 1938 డిసెంబరులో యురేనియంపై న్యూట్రాన్లు వేసి, వచ్చినదాంట్లో బేరియం ఉందని తేల్చింది హాన్, ఆయన సహచరుడు స్ట్రాస్‌మన్. బెర్లిన్‌లో! ఆవిడేమో స్టాక్‌హోంలో.

ఆచార్యురాలు: విహారానికి వెళ్లారా? యూదు కుటుంబంలో పుట్టినందుకు జులైలో ప్రాణాలు అరచేత పట్టుకుని జర్మనీ దాటారు.

సంధానకర్త: ఏదో ఉంగరం కథ ఉందట?

చరిత్రకారుడు: సరిహద్దులో లంచానికి పనికొస్తుందని హాన్ తన తల్లి వజ్రపుటుంగరం ఇచ్చారు. అవసరం పడలేదు.

రసాయన ఆచార్యుడు: చూశారా! అంత మంచివాడిని దొంగను చేస్తున్నారు.

ఆచార్యురాలు: దొంగ అని ఎవరన్నారు? యురేనియం నుంచి దాని బరువులో దాదాపు సగమే ఉన్న బేరియం ఎలా వచ్చిందో అంతుపట్టక మైట్నర్‌కు ఉత్తరం రాసింది ఆయనే. క్రిస్మస్ సెలవుల్లో స్వీడన్‌లోని కుంగెల్వ్‌లో, అక్క కొడుకు ఒట్టో ఫ్రిష్‌తో మంచులో నడుస్తూ ఆవిడ లెక్క వేశారు. కేంద్రకం నీటిబొట్టులా సాగి, నడుము సన్నబడి, రెండవుతుంది. ముక్కల బరువు కలిపితే ప్రోటాన్ బరువులో ఐదోవంతు తగ్గుతోంది. ఆ తగ్గినదే శక్తి. సుమారు 20 కోట్ల ఎలక్ట్రాన్ వోల్టులు!

సంధానకర్త: అంటే బాంబుకు తల్లే కదా?

రసాయన ఆచార్యుడు: నేను చెబుతాను. లెక్క ఎవరైనా వేస్తారు. బేరియం ఎవరు పట్టారు? అది చెప్పండి.

ఆచార్యురాలు: ఎవరైనా వేసేదైతే హాన్ ఎందుకు...

రసాయన ఆచార్యుడు: బేరియం ఎవరు పట్టారు?

చరిత్రకారుడు: ఒక్క మాట. కేంద్రకం ముక్కలు కావచ్చని జర్మన్ రసాయన శాస్త్రవేత్త ఇడా నోడాక్ 1934లోనే రాశారు. మైట్నర్ పట్టించుకోలేదు, హాన్ కూడా...

రసాయన ఆచార్యుడు: విన్నారా! మైట్నరే పట్టించుకోలేదు!

(చరిత్రకారుడి మాటలో రెండో సగం ఈ అరుపులో కలిసిపోయింది.)

ఆచార్యురాలు: 1944 నోబెల్ హాన్ ఒక్కరికే ఇచ్చారు. స్ట్రాస్‌మన్‌కు కూడా లేదు. మైట్నర్ పేరును ఎన్నో ఏళ్లపాటు 40కి పైగా సార్లు ప్రతిపాదించారు, ఒక్కసారీ ఇవ్వలేదు.

రసాయన ఆచార్యుడు: అది రసాయన బహుమతి అమ్మా! రసాయనం చేసినవాడికే ఇస్తారు.

ఆచార్యురాలు: 1908లో అదే బహుమతి రూథర్‌ఫర్డ్‌కు ఇచ్చారు. ఆయన భౌతికుడు కాదా?

రసాయన ఆచార్యుడు: రూథర్‌ఫర్డ్ సంగతి వేరు.

ఆచార్యురాలు: ఎలా వేరు?

రసాయన ఆచార్యుడు: వేరు. అసలు విషయానికి రండి. బేరియం...

చరిత్రకారుడు: 109వ మూలకానికి 1997లో మైట్నీరియం అన్న పేరు ఖాయమైంది. హాన్ పేరు మీద ప్రతిపాదించిన హానియం అన్న పేరు మాత్రం నిలవలేదు. ఆ లెక్కన...

సంధానకర్త: క్షమించండి, సమయం అయిపోయింది. బాంబు ప్రశ్నకు మాత్రం జవాబు రాలేదు. ఆఖరి మాట, రసాయన ఆచార్యులవారు.

ఆచార్యురాలు: మళ్లీ ఆయనకేనా? సమాన సమయం అన్నారు.

సంధానకర్త: అందరికీ ఇచ్చానండీ.

రసాయన ఆచార్యుడు: పాఠంలో తప్పేమీ లేదు. బేరియం పట్టింది హాన్. నేను మొదటి నుంచీ చెబుతున్నది ఇదే.

ఆచార్యురాలు: పరమాణువు తన అదనపు శక్తితో సొంత ఎలక్ట్రాన్‌నే బయటికి తోసేయడాన్ని ఓజే ప్రభావం అంటారు. దాన్ని ఫ్రెంచ్ శాస్త్రవేత్త ఓజే కన్నా ముందు, 1922లోనే ఆవిడ చూశారు. ఆ పాఠంలోనూ పేరు...

(ఇక్కడ ఆమె మైకు ఆగింది.)