‘గాడ్‌ఫాదర్’: బార్జినీ సంగతి ముసలాయనకి ఎలా తెలిసింది?

బామ్మర్ది: నమస్కారం అండీ అందరికీ. ఈసారి 1972లో వచ్చిన మాఫియా సినిమా ‘గాడ్‌ఫాదర్’. బావా, నాలుగుసార్లు చూశాను, ఒక్క చోట మాత్రం ప్రతిసారీ ఆగిపోతున్నా. మాఫియా కుటుంబాల మధ్య సంధి కుదిరాక కారులో వెళ్తూ, ఒక కుటుంబం పెద్ద విటో కార్లియోన్ అంటాడే, ఇదంతా మొదట్నుంచీ ఇంకో కుటుంబం పెద్ద బార్జినీ పనేనని ఇవాళే తెలిసిందని. ఎలా తెలిసింది? ఎవరు చెప్పారు?

బావ: ఎవరూ చెప్పలేదు. మన ఫ్యాక్షన్ సినిమా అయితే విలనే తొడకొట్టి చెప్పేసేవాడు, నీకీ బాధ ఉండేది కాదు.

బామ్మర్ది: (నవ్వు) ఆగు, చూడనివాళ్ళ కోసం ముందు గొడవేంటో చెప్పు.

బావ: సొలోజో అనేవాడు మాదకద్రవ్యాల వ్యాపారం పెడతా, 10 లక్షల డాలర్లు పెట్టుబడి పెట్టమని విటో దగ్గరికొస్తాడు. డబ్బొక్కటే కాదు, విటో చేతిలో ఉన్న జడ్జీలు, నాయకుల అండ కూడా కావాలి. వాడి వెనక టటాగ్లియా కుటుంబం ఉందని అందరికీ తెలుసు. విటో కుదరదంటాడు. మధ్యలో పెద్దకొడుకు సన్నీ నోరు జారతాడు. డబ్బుకి టటాగ్లియాలు హామీ ఇస్తారా అని ఆత్రంగా అడుగుతాడు.

బామ్మర్ది: బయటివాళ్ళ ముందు మనసులో మాట చెప్పొద్దని తండ్రి తిడతాడు కదా. అంత చిన్నమాటకి అంత కోపమెందుకో అనుకున్నా.

బావ: చిన్నమాట కాదురా. ముసలాడు అడ్డు, కొడుక్కి ఇష్టమేనని ఆ ఒక్క ప్రశ్నతో సొలోజోకి అర్థమైపోయింది. తర్వాత విటోని కాల్పించింది అందుకే. తండ్రి పోతే కొడుకుతో బేరం కుదురుతుందని లెక్క.

బామ్మర్ది: సరే, బార్జినీ దగ్గరికి రా.

బావ: ఆ సంధి సభ ఇంకోసారి చూడు. ఆ గొడవల్లో కొడుకుల్ని పోగొట్టుకున్నది విటో, టటాగ్లియా; విటోకి పోయింది సన్నీ. గొడవ వాళ్ళిద్దరిది. మరి పంచాయితీ నడుపుతున్నది ఎవరు? బార్జినీ. బావి నీదే అయినా మమ్మల్నీ నీళ్ళు తోడుకోనివ్వాలి, కావాలంటే బిల్లు వేసుకో అంటాడు. ఒప్పందం ఇదీ అని చివర్లో ప్రకటించేదీ వాడే. విటో తర్వాత పగ తీర్చుకోడని గట్టి హామీ కావాలని టటాగ్లియా అడిగితే, మనమేమన్నా లాయర్లమా అని వాడి నోరూ మూయిస్తాడు. టటాగ్లియా తన గొడవలో తనే మాట్లాడలేకపోతున్నాడు! విటో ఊరికే కూర్చుని అదే చూస్తున్నాడు.

బామ్మర్ది: ఓహో. అందుకే కారులో విటో లాయరు టామ్, టటాగ్లియా మనుషుల గురించి అడిగితే, ఈయన బార్జినీ పేరెత్తుతాడు! పొరపాటున అన్నాడనుకున్నా.

బావ: టామ్ కూడా అలాగే అనుకుని సరిదిద్దబోతాడు. టటాగ్లియా తార్పుడుగాడు, సన్నీని పడగొట్టేంత సత్తా వాడికెక్కడిదని విటో లెక్క. ఇంకోటి. మొదట్లో విటో కూతురి పెళ్ళిలో ఒకాయన తన ఫొటో తీసిన కెమెరా తెప్పించి, రీలు లాగి పారేస్తాడు గుర్తుందా? అది బార్జినీయే. ఫొటోలోనే దొరకనివాడు కుట్రలో దొరుకుతాడా?

బామ్మర్ది: మరి కార్లో? సన్నీ చెల్లెలి మొగుడే సన్నీని శత్రువులకి పట్టించాడని సినిమాలో ఎక్కడా చూపించరు. నా పక్కనా ఒక బావ కూర్చున్నాడు కాబట్టి అడుగుతున్నా.

బావ: మీ అక్కని నేను ఏనాడూ కొట్టలేదురా నాయనా! (నవ్వు) చూడు, అంతకుముందే సన్నీ వాణ్ణి నడివీధిలో చితక్కొట్టి, మళ్ళీ చెల్లి మీద చెయ్యేస్తే చంపేస్తానన్నాడు. అంటే ఆమె ఏడుస్తూ ఫోన్ చేస్తే సన్నీ ఎలా పరిగెత్తుకొస్తాడో కార్లోకి ముందే తెలుసు. తర్వాత ఓ ఆడమనిషి నుంచి ఫోన్, భార్యాభర్తల రభస, బెల్టు దెబ్బలు. సన్నీ ఎవర్నీ రావద్దని ఒక్కడే కారేసుకుని బయల్దేరతాడు. టోల్‌గేటు దగ్గర మనుషులు సిద్ధంగా ఉన్నారు. అంత సిద్ధంగా ఎలా ఉన్నారు?

బామ్మర్ది: అబ్బా. ఇంకోటి చకచకా చెప్పేయ్. సొలోజోనీ, పోలీసు కెప్టెన్‌నీ చంపి ఇటలీలోని సిసిలీకి పారిపోయిన విటో చిన్నకొడుకు మైకేల్, ఏ కేసూ లేకుండా తిరిగొచ్చేస్తాడేంటి?

బావ: అది సినిమా దాటేసింది, తప్పు నీది కాదు. మారియో పూజో 1969 నవలలో ఉంటుంది. వేరే కేసులో మరణశిక్ష పడ్డవాడు ఆ హత్యలు నేనే చేశానని ఒప్పుకుంటాడు, బదులుగా వాడి కుటుంబాన్ని వీళ్ళు పోషిస్తారు.

బామ్మర్ది: అయినా బావా, బార్జినీ మీద ఒక్క సాక్ష్యం లేదు. మొత్తం ముసలాయన ఊహే కదా?

బావ: సాక్ష్యం ఉంది. కార్లో కొడుకు బాప్తిజం రోజు చంపాల్సిన వాళ్ళందర్నీ చంపించాక మైకేల్ కార్లో దగ్గరికొస్తాడు. భయపడకు, వేగాస్ పంపిస్తాలే అని మెత్తగా మాట్లాడి, నిన్ను కలిసింది టటాగ్లియానా, బార్జినీయా అని అడుగుతాడు. బార్జినీ అంటాడు కార్లో.

బామ్మర్ది: కానీ అప్పటికి బార్జినీ...

బావ: మెట్ల మీద చచ్చి పడున్నాడు.