కుళాయి నీళ్ళు వచ్చాయి సరే, వాడాక ఎటు పంపుదాం?

సర్పంచ్ గారికి, వార్డు మెంబర్లకి, అక్కలకి అన్నలకి అందరికీ నమస్కారం. ఇవాళ గ్రామసభలో నన్ను మురుగునీళ్ళ గురించి మాట్లాడమన్నారు, ఎక్కువ టైం తీసుకోను.

ముందు ఒక లెక్క చూద్దాం. జల్ జీవన్ మిషన్ కింద మనిషికి రోజుకి 55 లీటర్లు ఇవ్వాలని 2019లో పెట్టారు కదా, 2000 మంది ఉన్న ఊరైతే లక్షా పది వేల లీటర్లు. అందులో మూడింట రెండు వంతులు స్నానం చేసి, గిన్నెలు తోమి, బట్టలు ఉతికి మళ్ళీ బయటికే వదిలేస్తాం, అంటే డెబ్బై వేల లీటర్ల పైమాటే, 5000 లీటర్ల ట్యాంకర్లయితే రోజుకి పద్నాలుగు. ఇదంతా కాలవలోకి, కాలవ నుంచి చెరువులోకి పోతుంది. మన చెరువు పైన పచ్చగా గుర్రపుడెక్క ఎందుకు పరుచుకుందంటే ఆ సబ్బు నీళ్ళు, మురుగే దానికి ఎరువు మరి.

చాలామంది "మురుగునీళ్ళు శుద్ధి చేసే ప్లాంట్ పెట్టించండి సార్" అంటారు. మోటార్లు, గాలి ఊదే బ్లోయర్లు ఉండే ప్లాంట్ మనలాంటి ఊరికి వద్దని నా గట్టి అభిప్రాయం, ఎందుకంటే కట్టడానికి డబ్బులు ఎలాగోలా వస్తాయి, నెలనెలా కరెంటు బిల్లు, ఆపరేటర్ జీతం మాత్రం పంచాయతీ నెత్తిన పడతాయి, మోటార్ కాలిన రోజు నుంచి అది తాళం వేసిన గదే. అసలు కాలవలోకి వచ్చే నీళ్ళే తగ్గించుకుంటే మిగతాది చాలా తేలిక.

జాగా ఉన్న ప్రతి ఇంట్లో ఇంకుడు గుంత. మూడున్నర అడుగుల పొడవు, వెడల్పు, లోతు, కింద పెద్ద రాళ్ళు, మధ్యలో కొంచెం చిన్నవి, పైన కంకర. తాగే నీళ్ళ బావికి, బోరుకి కనీసం 33 అడుగుల దూరం ఉండాలి. గుంతకి ముందు చిన్న తొట్టి కట్టి జాలీ పెట్టాలి, ఇదే ప్రాణం. ఆ తొట్టిలో చెయ్యి పెట్టి చూడండి, అన్నం మెతుకులు, వెంట్రుకలు, షాంపూ ప్యాకెట్ ముక్కలు, బూడిద రంగు జిగురు, ఇవన్నీ అక్కడే ఆగాలి. వారానికోసారి తియ్యకపోతే ఆ జిగురు రాళ్ళకి పట్టేసి గుంత నీళ్ళు తాగడం మానేస్తుంది, అప్పుడు రాళ్ళు తీసి కడిగి ఎండబెట్టి మళ్ళీ వెయ్యాలి. నల్లరేగడి నేల ఉన్న వీధుల్లో ఇది పని చెయ్యదు, నీళ్ళు ఇంకవు, అక్కడి నీళ్ళు కాలవలోకే పంపుదాం.

కాలవ చివర ఏం చెయ్యాలంటే, వరసగా చెరువు గుంటలు. మొదటిది లోతుగా, అందులో మడ్డి కిందకి దిగుతుంది, తర్వాతవి తక్కువ లోతు, ఎండ తగిలి నాచు పెరిగి ఆక్సిజన్ ఇస్తుంది, ఎండకి క్రిములు కూడా చాలావరకు చస్తాయి, కరెంటు అక్కర్లేదు. జాగా తక్కువైతే కంకర పరుపు వేసి మెట్టతామర, జమ్ము నాటొచ్చు. పంజాబ్‌లో జలంధర్ జిల్లా సీచేవాల్ అనే ఊళ్ళో సంత్ బల్బీర్ సింగ్ గారు 2000లో కాళీ బేయీ నదిని బాగుచెయ్యడం మొదలెట్టారు, ఊరి మురుగుని వరసగా బావుల్లాంటి గుంటల్లో తేరబెట్టి చెరువులోకి, అక్కడి నుంచి పొలాలకి పంపించారు. మనం మాత్రం ఆ నీళ్ళు చెట్లకి, పశుగ్రాసానికే పెడదాం, పచ్చిగా తినే కూరగాయలకి వద్దు.

డబ్బుల విషయం, స్వచ్ఛ భారత్ రెండో దశలో 5000 లోపు జనాభా ఊళ్ళకి వాడిన నీళ్ళ పనులకి మనిషికి 280 రూపాయల వరకు పెట్టారు, అందులో 30 శాతం పంచాయతీకి వచ్చే ఆర్థిక సంఘం గ్రాంట్ నుంచే కలపాలన్నారు. మన లెక్కకి 5,60,000. ఆ మాదిరి డబ్బుతో ఇవన్నీ జాగ్రత్తగా చేసుకోవాలి.

చివరిది, నాకు బాధ కలిగించేది. కొన్ని ఇళ్ళ సెప్టిక్ ట్యాంకు పైపు నేరుగా వీధి కాలవలోకి ఉంది. ట్యాంకులోంచి వచ్చే నీళ్ళు తేటగా కనపడినా క్రిములు అలాగే ఉంటాయి, ఆ కాలవ పక్కనే పిల్లలు గోళీలాడుతున్నారు. ట్యాంకు తర్వాత ఇంకుడు గుంత కట్టుకోండి, కొత్తగా కట్టేవాళ్ళు రెండు గుంతల మరుగుదొడ్డి కట్టండి, ఒకటి నిండాక రెండోదానికి మళ్ళిస్తే రెండేళ్ళలో మొదటిది ఎండి ఎరువవుతుంది. అన్నిటికంటే ముఖ్యం, ట్యాంకులోకి మనిషిని దించొద్దు, రక్షణ పరికరాలు, జాగ్రత్తలు లేకుండా దించడం చేతులతో మురుగు ఎత్తే పనిని నిషేధించిన 2013 చట్టం ప్రకారం నేరం, లోపల గ్యాస్‌కి క్షణాల్లో ప్రాణం పోతుంది.

సర్పంచ్ గారూ, ఇవాళ రెండు తీర్మానాలు రాయించండి: ట్యాంకు పైపులు కాలవలోంచి తీసెయ్యడానికి గడువు, ప్రతి వీధిలో జాలీలు, తొట్లు శుభ్రంగా ఉన్నాయో లేదో చూసే మనిషి పేరు. సంతకాలు అయ్యాక ఎస్సీ కాలనీ చివర కాలవ ఎటు పోతోందో కలిసి వెళ్ళి చూద్దాం, గుంటలకి జాగా అక్కడే వెతకాలి.