ఊపిరి తీస్తే పొడుస్తోంది, ఎక్కడికి పోదాం?

(దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక సీనియర్ సిటిజన్ల సంఘం సమావేశంలో రిటైర్డ్ స్టాఫ్ నర్సు చేసిన ప్రసంగ పాఠం)

అధ్యక్షుల వారికి, సెక్రెటరీ గారికి, ముందు వరసలో కూర్చున్న పెద్దలకు, టిఫిన్ల కోసం వెనక నిలబడ్డ పిల్లలకు నమస్కారం. శాలువా కప్పారు, చాలా సంతోషం. ఈ ఉక్కలో కాసేపు పక్కన పెడతాను, ఏమనుకోకండి. నాకిచ్చిన అంశం వర్షాకాలంలో ఆరోగ్య జాగ్రత్తలు. నీళ్ళు కాచి తాగండి, దోమతెర కట్టుకోండి. అయిపోయింది. మిగిలిన టైమ్ నన్ను నా దారిన పోనివ్వండి సెక్రెటరీ గారూ.

ఊపిరి పీల్చినప్పుడు ఛాతీలో పొడిచినట్టు నొప్పి వస్తే ఏ దవాఖానకు పోవాలి? ఇదీ నేను మాట్లాడాలనుకున్నది. నేను డాక్టర్ని కాను. ఏ జబ్బో తేల్చడం నా పని కాదు. కానీ సర్కారు దవాఖాన క్యాజువాలిటీలో, అంటే ఎమర్జెన్సీ వార్డులో, చేసి రిటైరయ్యాను కాబట్టి, ఎవరు ఎక్కడెక్కడ తిరిగి, ఎంత ఆలస్యంగా మా దగ్గరికి వచ్చారో సర్వీసంతా చూశాను.

మన ఊళ్ళో ఛాతీ నొప్పికి మొదటి డాక్టరు మెడికల్ షాపు కుర్రాడు. ‘గ్యాస్ అంకుల్, ఇది చప్పరించండి’ అంటాడు. రెండో డాక్టరు బావమరిది. ఆయనకి ఎక్కడో ఒక తెలిసిన డాక్టరుంటాడు. ఈ ‘తెలిసిన’ అన్న మాట దగ్గరే నాకు ఒళ్ళు మండుతుంది. ఎందుకో చెప్తాను.

మా మరిది సంగతి. ఆయనే చెప్పమన్నాడు, మూడో వరసలో కూర్చుని నవ్వుతున్నాడు చూడండి. స్కూటర్ జారి కాలు విరిగింది. సిమెంటు పట్టీ వేసి ఇంటికి పంపారు. మంచం దిగకుండా పడుకున్నాడు. ఒక రాత్రి భోజనాలయ్యాక ఉన్నట్టుండి కుడివైపు పక్కటెముకల దగ్గర పోటు. ఊపిరి తీస్తే పొడుస్తోంది, బిగబడితే తగ్గుతోంది. మా తోటికోడలు వాము నీళ్ళు పట్టింది. పక్కింటాయన నడుం నొప్పి స్ప్రే తెచ్చి కొట్టాడు. అప్పటికి బావమరిది ఫోనందుకున్నాడు. ఇంకేముంది, తెలిసిన డాక్టరు!

ఆరంతస్తుల మేడ, పెళ్ళికి వేసినన్ని లైట్లు. పేరు చెప్పను. గేటు దగ్గర సెక్యూరిటీ అబ్బాయి పేషెంటుని చూడకుండానే బిల్లింగు కౌంటర్ చూపించాడు. కౌంటర్లో అమ్మాయి డిపాజిట్ అడిగింది. ఆ తెలిసిన డాక్టరు ఊళ్ళో లేడు. డ్యూటీలో ఉన్న పిల్లవాడు ఈసీజీ తీసి, గుండెపోటు కాదు, గ్యాస్ట్రబుల్, పొద్దున ఓపీకి రండి అన్నాడు. ఆ కాగితం నేను తర్వాత చూశాను. పైన మూలన గుండె వేగం నిమిషానికి 118 అని ప్రింటయి ఉంది, అది ఎక్కువే. టెన్షన్ వల్ల అన్నారట. లుంగీ కింద తెల్లగా సిమెంటు పట్టీ కనబడుతూనే ఉంది. ఆ పట్టీ ఎప్పుడు వేశారని ఒక్కరూ అడగలేదండీ, ఒక్కరూ!

ఆ రోజు వాన. మలక్‌పేట రైల్వే బ్రిడ్జి కింద నీళ్ళు. కారు ముందుకు పోదు, వెనక్కి రాదు. అప్పుడు గుర్తొచ్చాను నేను, మా తోటికోడలు ఫోన్ చేసింది. నేనడిగింది ఒకటే: ‘ఆ కాలు వాచిందా?’ ‘పొద్దుటినుంచీ పట్టీ బిగుసుకుపోతోందంటున్నారక్కా’ అంది. పక్కన మా మరిది మాటకి మాటకి మధ్య ఆయాసపడటం ఫోన్లో నాకే వినబడుతోంది. కారు పక్కకి ఆపి 108కి కొట్టమన్నాను. ఆ బండి వచ్చింది, ఆక్సిజన్ పెట్టారు, పెద్ద దవాఖాన క్యాజువాలిటీకి తీసుకెళ్ళారు. అక్కడ రక్తనాళంలోకి డై ఎక్కించి సీటీ స్కాన్ తీస్తే ఊపిరితిత్తికి పోయే రక్తనాళంలో గడ్డ. కదలకుండా ఉన్న కాల్లో రక్తం గడ్డకట్టి, అక్కడినుంచి కదిలి, గుండె గుండా పోయి ఊపిరితిత్తిలో ఇరుక్కుంది. ఇలాంటిదాన్ని ఈసీజీ చాలాసార్లు పట్టుకోలేదు. ఎక్స్‌రే కూడా శుభ్రంగా ఉండొచ్చు.

108 బండి మన హైదరాబాదులోనే 2005 ఆగస్టు 15న మొదలైంది. ఇన్నేళ్ళయినా మనవాళ్ళకి అది రోడ్డు మీద యాక్సిడెంట్ల బండి. ఇంట్లో మనిషికి ఊపిరాడకపోతే మాత్రం క్యాబ్ బుక్ చేస్తారు. డిపాజిట్ సంగతి కూడా చెప్పనివ్వండి, లేకపోతే నాకు నిద్ర పట్టదు. 1989లోనే పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, ప్రాణం మీదికి వచ్చినవాణ్ణి కాపాడటం ప్రతి డాక్టరు బాధ్యత అని, ప్రభుత్వమైనా ప్రైవేటైనా. కౌంటర్ దగ్గర గట్టిగా అడగండి. అడిగితే కొంచెం కదులుతారు, నేను చూశాను.

సెక్రెటరీ గారు గడియారం చూస్తున్నారు. అసలు విషయంలోకి ఇప్పుడే వస్తున్నానండీ.

ఊపిరితిత్తికి సొంతంగా నొప్పి తెలియదు. దాని చుట్టూ రెండు పల్చటి పొరలున్నాయి. బయటి పొరకి నొప్పి తెలుస్తుంది. అది వాస్తే ఊపిరి తీసినప్పుడల్లా పోటు. స్టెతస్కోపు పెడితే కొత్త తోలు చెప్పులు కిర్రుమన్నట్టు వినబడుతుంది. అందుకే వీపు మీద కూడా స్టెతస్కోపు పెట్టి వినని డాక్టరంటే నాకు నమ్మకం లేదు. ఆ వాపు నిమోనియా వల్ల రావొచ్చు, టీబీ వల్ల రావొచ్చు, మా మరిదికి లాగా గడ్డ వల్ల రావొచ్చు. ఒక్కోసారి ఊపిరితిత్తి చిల్లుపడి గాలి బయటికి వస్తుంది. బక్కగా పొడుగ్గా ఉండి సిగరెట్టు కాల్చే కుర్రాళ్ళకి ఇది ఉన్నట్టుండి వస్తుంది. గుండె చుట్టూ పొర వాచినా ఇలాగే ఉంటుంది, ముందుకు వంగి కూర్చుంటే కొంచెం హాయిగా ఉంటుంది. ఏమీ లేదు, బియ్యం బస్తా ఎత్తితే కండరం పట్టేసిందీ అవ్వొచ్చు.

మరి ఇవన్నీ మనం ఇంట్లో తేల్చగలమా? తేల్చలేం. మనం చూడాల్సింది మనిషిని. ఒక వాక్యం ఆగకుండా చెప్పలేకపోతున్నాడా, చెమటలు పోస్తున్నాయా, కళ్ళు తిరిగి పడ్డాడా, పెదాలు నీలంగా అయ్యాయా, కళ్ళెలో రక్తం పడిందా, నొప్పి దవడకో చేతికో పాకుతోందా, ఒక పిక్క మాత్రమే వాచిందా, ఈ మధ్య ఆపరేషనో కాన్పో సిమెంటు పట్టీయో అయిందా. కరోనాలో కొన్న ఆక్సిమీటరు అల్మారాలో ఉంటే తీయండి. ఎప్పుడూ బాగుండేవాళ్ళకి ఆక్సిజన్ 94 శాతం కంటే తగ్గితే మంచిది కాదు. వీటిలో ఒక్కటున్నా 108. రాత్రీ పగలూ డాక్టరు, ఆక్సిజన్, సీటీ ఉన్న క్యాజువాలిటీ. ఆరోగ్యశ్రీ కార్డు దొరకలేదని ఆగొద్దు, తర్వాత తేవచ్చు. బైకు మీద మధ్యలో కూర్చోబెట్టుకుని పోవద్దు.

జ్వరం, దగ్గు, కళ్ళె ఉండి, మనిషి స్థిమితంగా ఉంటే అదే రోజు దగ్గరి డాక్టరు. సర్కారు పెట్టిన బస్తీ దవాఖానలు 2018 నుంచి ఉన్నాయి, చూడటం ఉచితం, మందులు ఉచితం, రక్తపరీక్షకి నమూనా అక్కడే తీసుకుంటారు. ఎక్స్‌రేకి వేరేచోటికి రాస్తారు. రాయించుకుని దాన్ని మడిచి జేబులో పెట్టుకోవద్దు, ఆ రోజే తీయించుకోండి. బరువెత్తాక వచ్చి, వేలితో నొక్కితే నొప్పెట్టే చోటు దొరికి, ఆయాసం లేకపోతే ఒకటి రెండు రోజులు చూడొచ్చు. షుగరున్నవాళ్ళు, నలభై దాటినవాళ్ళు మాత్రం ఈ ‘చూద్దాం’ పెట్టుకోవద్దు.

ఇంకొక్క మాట, ఎర్రగడ్డ. ఎవరైనా తిక్కగా మాట్లాడితే ‘ఎర్రగడ్డకు పంపాలి’ అంటాం మనం. అక్కడ మానసిక చికిత్సాలయం ఉంది, ఛాతీ ఆస్పత్రీ ఉంది. మొదటిదంటే వెక్కిరింత, రెండోదంటే టీబీ అని భయం. ఎక్స్‌రేలో ఊపిరితిత్తి చుట్టూ నీరు కనబడి డాక్టరు ఆ ఛాతీ ఆస్పత్రికి రాసిస్తే, పెళ్ళి కుదిరిన ఒక పిల్లని తల్లి తీసుకుపోలేదు. ‘పోటు తగ్గిపోయింది సిస్టర్, మెట్లెక్కితే ఆయాసం అంతే’ అని నాతో సంబరంగా చెప్పింది. అది తగ్గడం కాదమ్మా! నీరు పెరిగి ఆ రెండు పొరల్ని దూరం జరిపితే రాపిడి పోయి నొప్పి తగ్గుతుంది, ఆయాసం పెరుగుతుంది. చివరికి నీరు తీశారు, ఆ పిల్ల మందులు వాడింది. పెళ్ళీ అయింది, ఇద్దరు పిల్లలు. టీబీ మందులు సర్కారు ఉచితంగా ఇస్తుంది, మామూలు టీబీకి 6 నెలల కోర్సు, తిండికి నెలకు 1000 రూపాయలు కూడా. ఆ బోర్డు చూసి సిగ్గుపడాల్సిన పనేముంది? అర్ధరాత్రి ఊపిరాడకపోతే మాత్రం ఎక్కడో ఉన్న ఎర్రగడ్డ కోసం ఊరు దాటొద్దు, దగ్గర్లో క్యాజువాలిటీ ఉన్నచోటికే.

ఇప్పుడు అందరూ ఫోన్లు తీయండి. నిజంగానే, తీయండి. మీ ఇంటి దగ్గర దవాఖాన నంబరు వేసుకోండి. ఇవాళ రాత్రి పదకొండు దాటాక ఫోన్ చేసి అడగండి, ఈ టైములో ఈసీజీ, ఎక్స్‌రే తీస్తారా, తీసినదాన్ని చదివే డాక్టరు ఉన్నాడా, సీటీ ఉందా అని. విసుక్కుంటే విసుక్కోనివ్వండి. జవాబు కేలెండరు మీద రాసి పెట్టుకోండి.

ముందు వరసలో మోకాళ్ళు మార్పించుకున్నవాళ్ళు ఇద్దరు ముగ్గురు కనబడుతున్నారు. అమ్మా, రక్తం పలచబడే మాత్రలు రాసిచ్చారా? ఎన్నాళ్ళని చెప్పారో అన్నాళ్ళూ వేసుకోండి, నడవమన్నప్పుడు నడవండి. ఆ డిశ్చార్జి కాగితం బీరువాలో పట్టుచీరల కింద పెట్టకుండా ఫ్రిజ్ మీద పెట్టి, ఎక్కడుందో మీ కోడలికి చెప్పండి.