మాఫీకి ముందు లెక్క తేలాలి
(శ్రమల దినాల్లో కడపలో చేసిన ప్రసంగ పాఠం)

సంఘ పెద్దలకు, అక్కచెల్లెళ్లకు, అన్నదమ్ములకు, వేరే మతాల నుంచి వచ్చిన మిత్రులకు వందనాలు.

మంచి శుక్రవారం మధ్యాహ్నం మన చర్చీల్లో సిలువ మీది ఏడు మాటలు ధ్యానిస్తాం. మొదటి మాట అందరికీ కంఠతా వచ్చు. "తండ్రీ, వీరేమి చేయుచున్నారో వీరెరుగరు గనుక వీరిని క్షమించుము." ఏడింటిలోనూ మన సీమలో చెప్పడానికి చాలా కష్టమైన మాట ఇదే. ఆ బెంచీల్లో, భర్తను వేటకొడవళ్లకు పోగొట్టుకున్న ఆమె కూర్చుని ఉండొచ్చు. నాలుగు వరసల వెనక, ఆ కేసులో ముద్దాయి కన్నతల్లి కూర్చుని ఉండొచ్చు.

కాపు కాసి మనిషిని నరికినవాణ్ణి, పసిబిడ్డను చెరిచినవాణ్ణి దేవుడు క్షమిస్తాడా? నా జవాబు ముందే చెప్తాను: క్షమిస్తాడు. ఇంత ఘోరమైతే కుదరదు అనే గీత సువార్తలో లేదు. మార్కు మూడో అధ్యాయంలో పరిశుద్ధాత్మ దూషణకు క్షమాపణ లేదని ఉంది కదా అంటారు. అక్కడ సందర్భం చూడండి. కళ్లెదుట జరుగుతున్న దేవుని పనిని దయ్యం పని అన్నవాళ్లతో ఆయన ఆ మాటన్నాడు. అది హత్యల చిట్టాలో పైమెట్టు కాదు, క్షమించే చేతినే తోసేయడం. నేనేమైనా ఆ పాపం చేశానా అని భయపడి పాస్టరు దగ్గరికి వచ్చినవాడు ఆ చేతిని తోసేసినవాడు కాదు.

అయితే "క్షమిస్తాడు" అనే ఈ మాట పట్టుకుని బాధితుల మీద మనం చేసే దౌర్జన్యం తక్కువ కాదు. ఈ పూట ఎక్కువసేపు మాట్లాడేది దాని గురించే.

మన తెలుగులోనే ఒక చిక్కు ఉంది. తప్పు చేసినవాడు చెప్పేదీ క్షమాపణే, దెబ్బ తిన్నవాళ్లు ఇచ్చేదీ క్షమాపణే. అందుకే పంచాయితీలో పెద్దమనిషి "వాడు క్షమాపణ చెప్పినాడు కదమ్మా, ఇంకేముంది?" అంటే ఆమెకు జవాబు తోచదు. చెప్పింది వాడు. ఇవ్వాల్సింది ఆమె. ఆమె ఇంకా ఇవ్వలేదు.

ప్రభువు ప్రార్థనలో మత్తయి రాసిన మాట ఇంకా తేటగా ఉంది: "మా ఋణములు క్షమించుము." అప్పు అంటే ఏమిటో ఈ కరువు సీమలో ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. ప్రోనోటునే గుర్తు తెచ్చుకోండి. అసలు ఇంత, వడ్డీ ఇంత, రెవెన్యూ స్టాంపు మీద సంతకం. కొంత కడితే వెనకవైపు తేదీ వేసి చెల్లు రాస్తారు. బాకీ మొత్తం వదిలేస్తే నోటు చింపేస్తారు. చింపాలంటే మొదట నోటు ఉండాలి, దాని మీద అంకె ఉండాలి, అది అప్పిచ్చినవాళ్ల చేతిలో ఉండాలి. "ఏమీ జరగలేదనుకో" అనే సలహాలో ఈ మూడూ లేవు. అది క్షమించమనడం కాదు, అబద్ధం ఆడమనడం. ఇంకో సంగతి: నోటు చింపినంత మాత్రాన డబ్బు ఎక్కడినుంచో వచ్చి పడదు. చింపినవాడే ఆ నష్టాన్ని నెత్తిన వేసుకుంటాడు. సిలువ మీద జరిగింది అదే అని మన విశ్వాసం.

మత్తయి 18లో ఇద్దరు సేవకుల ఉపమానం ఉంది. మొదటివాడి బాకీ పదివేల తలాంతులు. దేనారం ఒక రోజు కూలి, తలాంతు సుమారు 6,000 దేనారాలు. అంటే 6 కోట్ల రోజుల కూలి. ఏడాదికి 300 రోజులు పని దొరికినా 2 లక్షల ఏళ్లు పడుతుంది. రెండోవాడి బాకీ నూరు దేనారాలు. "నీకు జరిగింది ఆ నూరు దేనారాలే, వదిలేయమ్మా" అని ఈ ఉపమానాన్ని విధవరాలి మీదికి విసిరే ప్రసంగీకులు ఉన్నారు. నూరు దేనారాలంటే కూలి మనిషికి మూడు నెలల పైచిలుకు తిండి. యేసు దాన్ని చిల్లర అనలేదు. పైగా ఆ కథలో రాజు మాఫీ చేసింది తన సొంత బాకీని. ఇంకొకరికి రావాల్సిన దాన్ని కాదు.

మరి చనిపోయిన మనిషికి రావాల్సిన బాకీ ఎవరు మాఫీ చేయాలి? తన సైనికుడు ఊరియాను చంపించి, అతని భార్య బత్షెబను తెచ్చుకున్న దావీదు రాజు 51వ కీర్తనలో "నీకు కేవలము నీకే విరోధముగా నేను పాపము చేసియున్నాను" అంటాడు. చదివినప్పుడల్లా గుండెలో ముల్లులా గుచ్చుకునే మాట ఇది. ఊరియా ఏమయ్యాడు? బత్షెబ ఏమైంది? నాకు తోచిన సమాధానం మత్తయి 25లో ఉంది. మిక్కిలి అల్పులైన నా సహోదరులలో ఒకనికి చేసింది నాకు చేసినట్టే అన్నాడు ప్రభువు. అంటే నరుకుడు పడిన ప్రతి ఒంటి మీదా ఆయనకూ గాయం ఉంది, ప్రతి నోటు మీదా ఆయన పేరు కూడా ఉంది. కాబట్టి క్షమించే హక్కు ఆయనకు ఉంది. కానీ అది ఉమ్మడి నోటు. ఆయన తన వాటా వదులుకుంటే ఆమె వాటా దానంతటదే చెల్లిపోదు. పాస్టరుకు, పెద్దమనుషులకు అందులో వాటా అసలే లేదు.

నాజీల ఔష్విట్జ్ చావు శిబిరాన్ని నడిపిన రుడాల్ఫ్ హోస్ సంగతి చూడండి. లక్షలమందిని చంపించినవాడు. ఉరికి ముందు, 1947 ఏప్రిల్ 10న, పోలండ్ జైల్లో ఒక యేసుసభ గురువు దగ్గర పాపసంకీర్తనం చేశాడు, అంటే తన పాపాలు ఒప్పుకున్నాడు; మరునాడు ప్రభువు బల్ల సంస్కారం తీసుకున్నాడు. 16న అదే ఔష్విట్జ్‌లో ఉరితీశారు. కడుపు రగులుతుంది, రగలాలి కూడా. కానీ ఆ గురువు, చనిపోయిన యూదుల తరఫున క్షమించలేదు, ఉరీ ఆగలేదు. దేవుని వాటా వరకే మాట్లాడాడు.

దీని పక్కనే ఇంకొకటి పెట్టి చూడాలి. న్యూరెంబర్గ్ జైల్లో విచారణకు నిలబడ్డ నాజీ నాయకులకు లూథరన్ చాప్లిన్‌గా, అంటే కాపరిగా ఉన్న హెన్రీ గెరెకె కొందరికి ప్రభువు బల్ల ఇచ్చాడు. 1946 అక్టోబరు 15 రాత్రి, హిట్లర్‌కు కుడిభుజంగా ఉండిన గోరింగ్ అడిగితే ఇవ్వలేదు. క్రీస్తు ప్రభువని నమ్మనివాడికి బల్ల ఎట్లా ఇస్తారు? ఆ రాత్రే గోరింగ్ విషం మింగి చచ్చాడు. ఇవ్వకపోవడం కూడా కాపరి పనే.

ఎవరికి ఇవ్వాలి, ఎవరికి వద్దు అని తెలిసేదెట్లా? జైలు పరిచర్యకు పోయేవాళ్లు వాడి క్రియాపదాలు వినండి. తెలుగులో తప్పించుకునే దారి సులువు. "పొరపాటు జరిగింది", "గొడవలో పానం పోయింది", "మాటకు మాట పెరిగింది." ఈ వాక్యాల్లో చేసినవాడు ఎక్కడా కనపడడు. "నేను కాపు కాసినాను, నేను నరికినాను, ఫలానా ఆయన్ని నేను చంపినాను" అని చచ్చినవాడి పేరుతో సహా నోటితో అనేదాకా లెక్క రాసినట్టు కాదు. మన బైబిలులో యేసును పట్టిచ్చిన యూదా ఇస్కరియోతు గురించి కూడా "పశ్చాత్తాపపడి" అనే ఉంది. తర్వాత కలిగే తాపం పశ్చాత్తాపం. తిరిగి రావడం మారుమనస్సు. సుంకరి జక్కయ్య తిరిగి వచ్చాడు కాబట్టే అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు చెల్లిస్తానన్నాడు. ప్రాణానికి నాలుగంతలు ఉండవు. కానీ ఆక్రమించిన పొలం ఉంటుంది, దాచిన సాక్ష్యం ఉంటుంది, చదువు ఆగిపోయిన పిల్లలు ఉంటారు. వాటి గురించి నోరెత్తని పశ్చాత్తాపాన్ని నమ్మకండి.

తొలి సంఘం ఇందులో మనకంటే గట్టిగా ఉండేది. కావాలని చంపినవాడికి బ్రతుకు చివర్లో తప్ప సంస్కారం లేదని 314లో అంకిరాలో కూడిన బిషప్పుల సభ చెప్పింది. అదే శతాబ్దంలో కైసరియ బిషప్ బాసిల్ దాన్ని 20 ఏళ్లు చేశాడు. మొదటి 4 ఏళ్లు గుడి తలుపు బయట నిలబడి, తన పాపం పైకి చెప్పుకుంటూ, లోపలికి పోయేవాళ్లను ప్రార్థించమని ఏడుస్తూ అడుక్కోవాలి. 5 ఏళ్లు వాక్యం విని వెళ్లిపోవాలి. 7 ఏళ్లు మోకరించేవాళ్లతో, 4 ఏళ్లు విశ్వాసులతో నిలబడవచ్చు, బల్ల మాత్రం ఉండదు. ఇదంతా మళ్లీ తెమ్మనడం లేదు. కానీ అక్కడ తలుపు మూయలేదు, త్వరపడనూ లేదు. బాప్తిస్మం అయిన మూడోవారానికే స్టేజి ఎక్కించి సాక్ష్యం చెప్పించే మన పద్ధతికి, దీనికి ఎంత దూరమో చూడండి.

చట్టం సంగతి కొంచెం. హత్య రాజీకి వీల్లేని నేరం, అత్యాచారమూ అంతే. ఫ్యాక్షన్ ఊళ్లలో రాజీ అంటే జరిగేది సాక్షులను అడ్డం తిప్పడమే. దానికి ప్రార్థనతో ముగింపు పలకడం దేవుని పేరు వ్యర్థంగా ఎత్తడం. పిల్లల మీద లైంగిక నేరమైతే, 2012 పోక్సో చట్టం 19వ సెక్షను ప్రకారం తెలిసినవాళ్లు పోలీసులకు చెప్పి తీరాలి. "సంఘంలోనే సర్దుకుందాం" అన్న పెద్ద కూడా నేరస్తుడే. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి. ప్రార్థన ఆ తర్వాత.

1999 జనవరిలో ఒడిశాలోని మనోహర్‌పూర్‌లో మిషనరీగా పనిచేస్తున్న తన భర్త గ్రాహం స్టెయిన్స్‌ను, పదేళ్లు, ఆరేళ్లు ఉన్న ఇద్దరు కొడుకులను జీపులో తగలబెట్టినవాళ్లను గ్లాడిస్ స్టెయిన్స్ క్షమించింది. కేసు దాని దారిన నడిచింది. ప్రధాన ముద్దాయి జీవితఖైదును 2011లో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. ఆమె క్షమించడానికి శిక్ష అడ్డు కాలేదు. మధ్యప్రదేశ్‌లో 1995లో సిస్టర్ రాణి మరియను పొడిచి చంపినవాడికి ఆమె చెల్లెలు 2002లో జైలుకు పోయి రాఖీ కట్టింది. ఏడేళ్లు పట్టింది. వాళ్లిద్దరినీ ఆదర్శంగా చూపించండి, కొలబద్దగా మాత్రం వాడకండి.

చివరగా సంఘ పెద్దలకు ఒక పని. శిక్ష ముగించుకుని, నిజంగానే మారుమనస్సు పొంది ఒకడు ఊరికి వస్తాడు. చంపబడినవాడి భార్య అదే చర్చిలో ఉంటుంది. వాణ్ణి చేర్చుకోండి, కానీ పక్క ఊరి సంఘంలో. ఆ సంఘ కాపరికి విషయం దాచకుండా చెప్పండి. కానుకలు పట్టే పనీ, పిల్లల సండే స్కూలూ అప్పగించకండి. ఆమెను కలవాలని వాడు అడిగితే, అడిగాడన్న కబురు ఒక్కసారే, ఇంకో ఆడమనిషి చేత పంపండి. ఆమె వద్దంటే మళ్లీ అడగొద్దు, ప్రసంగంలో సూచనగా కూడా. ఆదివారం ఆమె ఎప్పుడూ కూర్చునే బెంచీలోనే కూర్చోనివ్వండి.