రోజూ హెవీ స్క్వాట్: బల్గేరియన్ పద్ధతి మనకు సరిపోతుందా?

హోస్ట్: అందరికీ నమస్తే. మాదాపూర్, కొండాపూర్ జిమ్‌లలో ఈ మధ్య కొందరు లెగ్ డే, చెస్ట్ డే అని విడగొట్టడం మానేసి రోజూ స్క్వాటే, అంటే భుజాల మీద బార్ పెట్టుకుని కూర్చుని లేవడమే, చేస్తున్నారు. అది కూడా ఆ రోజు ఎత్తగలిగినంత బరువు దాకా. సికింద్రాబాద్‌లో బార్‌బెల్ నేర్పే కోచ్ అక్క ఇవాళ మనతో ఉన్నారు. అక్కా, ఈ బల్గేరియన్ పద్ధతి నిజంగా పనిచేస్తుందా?

కోచ్: పనిచేసింది తమ్ముడూ, అందులో అనుమానం లేదు. ఇవాన్ అబాజియేవ్ కోచ్‌గా ఉండగా 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో బల్గేరియా వెయిట్‌లిఫ్టింగ్‌లో మూడు స్వర్ణాలు గెలిచింది. అంత చిన్న దేశం! ఆయన వ్యాయామాల జాబితా కోసేశాడు. స్నాచ్ (నేల మీంచి ఒకే ఊపులో తల పైకి ఎత్తడం), క్లీన్ అండ్ జెర్క్ (ముందు భుజాల దాకా, తర్వాత తల పైకి ఎత్తడం), స్క్వాట్... వీటినే రోజుకు చాలాసార్లు, గరిష్ఠ బరువు దాకా చేయించేవాడు. బల్గేరియాలో పుట్టిన లిఫ్టర్ నైమ్ సులేమానోగ్లు పెరిగింది కూడా ఆ శిక్షణలోనే. తర్వాత టర్కీకి వెళ్లిపోయి, 1988 సియోల్‌లో 60 కిలోల విభాగంలో 190 కిలోలు క్లీన్ అండ్ జెర్క్ చేశాడు. ఒంటి బరువుకు మూడింతల పైన.

హోస్ట్: ఇది వింటే ఎవరికైనా రేపే మొదలుపెట్టాలనిపిస్తుంది.

కోచ్: అదే ఒలింపిక్స్‌లో ఇంకోటి జరిగింది, దాన్ని కూడా చెప్పాలి. ఇద్దరు బల్గేరియన్ విజేతలు డోపింగ్ పరీక్షలో పట్టుబడి స్వర్ణాలు పోగొట్టుకున్నారు. మిగతా జట్టును వెనక్కి తీసుకెళ్లిపోయారు. పైగా ఆ లిఫ్టర్లకు వేరే ఉద్యోగం లేదు. ఎత్తడం, తినడం, పడుకోవడం, అంతే. తట్టుకున్నవాళ్లే పేరు తెచ్చుకున్నారు. తట్టుకోలేక మధ్యలో ఆగిపోయినవాళ్ల గురించి మనకు ఎవరూ చెప్పరు. గచ్చిబౌలిలో నైట్ షిఫ్ట్ చేసి, క్యాబ్‌లో ఉప్పల్ చేరి, అయిదు గంటలు పడుకుని జిమ్‌కి వచ్చే అబ్బాయికి అదే ప్లాన్ ఇస్తే ఎలా?

హోస్ట్: అంటే మనకు వద్దంటారా?

కోచ్: పూర్తిగా వద్దనను. ఇందులో నాకు బాగా నచ్చిన సంగతి ఒకటుంది. దాన్నే చాలామంది వదిలేస్తున్నారు. ఆ రోజు మ్యాక్స్ అంటే నీ జీవితకాలపు రికార్డు కాదు. అరుపులు, కేకలు లేకుండా, ఫామ్, అంటే ఎత్తే తీరు, చెడకుండా ఇవాళ ఎంత లేస్తే అంతే. నీ బెస్ట్ 120 కిలోలు అనుకో. ఒకరోజు 110 లేస్తుంది, ఇంకోరోజు 100 దగ్గరే బార్ బరువెక్కుతుంది. ఆ 100 దగ్గర ఆగిపోవడం కూడా పద్ధతిలో భాగమే. మనవాళ్లు 'రోజూ హెవీ' అన్న ముక్క పట్టుకుని, 'ఇవాళ్టికి ఇంతే' అన్న ముక్క వదిలేస్తున్నారు.

హోస్ట్: కానీ ఎక్కడ ఆగాలో తెలిసేదెట్లా? ఆఫీసు టెన్షన్‌తో వచ్చిన రోజు ఖాళీ బార్ కూడా బరువుగానే ఉంటుంది కదా.

కోచ్: అందుకే వార్మప్‌కు ముందు ఎలా ఉందన్నదాన్ని బట్టి నేను ఏదీ నిర్ణయించను. డల్‌గా వచ్చి హాయిగా ఎత్తేసి వెళ్లేవాళ్లు ఎందరో. బార్ వేగం చూడాలి. రోజూ చకచకా లేచే 80 కిలోలు ఇవాళ మెల్లగా లేస్తే, అప్పుడు నమ్మాలి. ఆర్పీఈ అని, ఎంత కష్టపడ్డామో పదికి మార్కులేసే స్కేల్ ఉంది. ఎనిమిది అంటే ఇంకో రెండు రెప్స్, అంటే ఇంకో రెండుసార్లు, చేయగలిగే ఓపిక మిగిలి ఉన్నట్టు. ఉద్యోగం చేసుకునేవాళ్లు వారానికి మూడు నాలుగు రోజులు, ఎనిమిది దగ్గర ఆగే ఒక్క రెప్, తర్వాత కొంచెం తగ్గించి రెండు మూడు సెట్లు. అంతవరకు చాలు.

హోస్ట్: అలసట పేరుకుపోతోందని ముందే పసిగట్టగలమా?

కోచ్: ఒళ్లు నొప్పులను చూసి కంగారుపడకూడదు. కొత్త వ్యాయామం తర్వాత రెండు మూడు రోజులు నొప్పి మామూలే. పొద్దున లేవగానే నాడి వరుసగా కొన్ని రోజులు మామూలుకన్నా ఎక్కువ ఉండటం, అలసిపోయినా నిద్ర పట్టకపోవడం, వారం మొత్తం బరువులు కిందికే దిగడం... ఇవి కలిసి వస్తే సెట్లు సగానికి తగ్గించి ఒక వారం తేలిగ్గా చేయాలి. మోకాలి కింద, మోచేతి దగ్గర సన్నగా మొదలయ్యే నొప్పిని కూడా వదిలేయొద్దు. కండరం తొందరగా బలపడుతుంది, కండరాన్ని ఎముకకు కలిపే స్నాయువుకు చాలా ఎక్కువ సమయం కావాలి. రోజూ స్క్వాట్ చేసేవాళ్లకు ముందు దెబ్బతినేది అక్కడే. ప్రీ వర్కౌట్ పౌడర్ వేసుకుంటే ఇవేవీ తెలియవు. కెఫీన్ అలసటను కప్పేస్తుంది, తీసేయదు. సాయంత్రం ఏడింటికి అది తాగి, రాత్రి నిద్ర రావట్లేదంటే ఎలా వస్తుంది?

హోస్ట్: మే నెలలో మన ఎండలకు?

కోచ్: ఏసీ లేని జిమ్ అయితే సెట్లు తగ్గించాల్సిందే. ఇంకోటి గట్టిగా చెప్పాలి. చాలా రోజులు మానేసి, ఒకేసారి విపరీతంగా చేసినప్పుడు కండరాలు వాచి, భరించలేని నొప్పి వచ్చి, మూత్రం డికాక్షన్ రంగులో వస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. దాన్ని రాబ్డో అంటారు, కిడ్నీలు దెబ్బతినొచ్చు. నీళ్లు ఎక్కువ తాగి రేపటిదాకా చూద్దాం అనుకోకండి.

హోస్ట్: కొత్తగా జిమ్‌లో చేరినవాళ్లు దీన్ని ఎప్పుడు ప్రయత్నించొచ్చు?

కోచ్: ముందు మామూలు ప్రోగ్రామ్‌తో ఒక ఏడాది చేయనివ్వండి. పక్కన కోచ్ లేకుండా ప్రతి రెప్ ఒకేలా చేయడం వచ్చాక అడిగితే, అప్పుడు నేనే దగ్గరుండి మొదలుపెట్టిస్తాను.